కంప్యూటర్ తనతో తానే వైకుంఠపాళి ఎలా ఆడుతుంది?

ఎర్రపావునూ పచ్చపావునూ కంప్యూటరే ఆడించాలి. పైథాన్‌లో ఒక్కో పావుకు ఒక్కో థ్రెడ్ ఇద్దాం. థ్రెడ్ అంటే ప్రోగ్రాంలో తన దారిన తాను నడిచే పని. పటం మాత్రం రెండింటికీ ఒక్కటే.

చిక్కంతా ఇక్కడే. ఏ థ్రెడ్ ఎప్పుడు నడవాలో నిర్ణయించేది ఆపరేటింగ్ సిస్టమ్. దానికి మన ఆట నియమాలు తెలియవు. పచ్చపావు కదలకముందే ఎర్రపావు వరసగా నాలుగు పందేలు వేసేయొచ్చు! అందుకే ‘వంతు’ అనే వేరియబుల్ పెట్టి, దానికి ‘కండిషన్’ అనే తాళం వేస్తాం. తాళం చిక్కిన థ్రెడ్ ముందు వంతు చూసుకుంటుంది. తనది కాకపోతే ‘వెయిట్’ అని తాళం వదిలి ఆగుతుంది. తనదైతే 1 నుంచి 6 లోపు పందెం వేసి, పామో నిచ్చెనో చూసుకుని, వంతు మార్చి, ‘నోటిఫై’తో రెండోదాన్ని లేపుతుంది. లేచిన థ్రెడ్ వంతును మళ్లీ చూసుకోవాలి కాబట్టి అక్కడ ‘ఇఫ్’ చాలదు, ‘వైల్’ రాయాలి.

చాలామంది మరిచిపోయేది ముగింపు. ఎర్రపావు పండగానే పచ్చదాన్నీ లేపి ఆట అయిపోయిందని చెప్పాలి. లేకుంటే అది రాని వంతు కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది, ప్రోగ్రాం ముగియదు.

నిజానికి ఈ ఆటకు మామూలు లూప్ చాలు. అయినా థ్రెడ్ల కిటుకు పట్టుబడాలంటే ఇలా రాసి చూడాల్సిందే. మూడో పావును కలిపితే ‘నోటిఫై ఆల్’ వాడండి.