డబ్బాలో వచ్చింది.. సైకిల్ కాదు!

చీరలు, చెప్పులు, సెల్‌ఫోన్లు.. ఇప్పుడు అన్నీ ఇంటికే వస్తున్నాయి. మరి సైకిల్? అదీ వస్తుంది. కాకపోతే వచ్చాకే అసలు కథ మొదలవుతుంది. కరీంనగర్‌లో కూర్చుని, ఉట్నూరు దగ్గరున్న మేనకోడలికి ఆన్‌లైన్‌లో సైకిల్ కొనబోయిన ఓ మేనమామ అనుభవమిది.

"మామా.. నాకు సైకిల్ ఎప్పుడు కొనిస్తవ్?"

బడులు తెరిచిన వారం మా మేనకోడలు ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఇది. ఆరో తరగతిలో చేరింది. అయిదు దాకా ఊళ్లోనే బడి. ఆరు నుంచి హైస్కూలు. అది నాలుగు కిలోమీటర్ల దూరం. వాళ్లూరికి వచ్చే బస్సు బడి వేళలకు కుదరదు. ఆటో నిండితే గానీ కదలదు. ఫోన్ అందుకుని అక్క అసలు సంగతి చెప్పింది.

"ఎండాకాలమైతే నడిచి పోతది తమ్మీ. వానలు పడ్డంక ఎట్ల? రోజు పంపుడు కష్టమైతే పిల్లను ఇంటికాడ్నే ఉంచుదామంటుండు మీ బావ."

గుండె గతుక్కుమంది. నాలుగు కిలోమీటర్ల కోసం చదువు ఆగడమా? "పది రోజుల్ల సైకిల్ మీ ఇంటి ముందుంటది" అని మాటిచ్చేశాను. చేతిలో ఫోనుంది. అందులో దుకాణాలున్నాయి. ఇంకేం కావాలి అనే ధీమా!

పిన్‌కోడ్ దగ్గరే పంక్చర్

ఆ రాత్రే వెతకడం మొదలుపెట్టాను. 'ఆడపిల్లల సైకిల్' అని కొట్టగానే వందల బొమ్మలు. అన్నీ మెరిసిపోతున్నాయి. మధ్యమధ్యలో సైకిల్ గంటలు, తాళాలు, చేతి తొడుగులు, సైకిల్ తొక్కే బొమ్మ కూడా వచ్చాయి. ధర దగ్గర ఒక పెద్ద అంకె కొట్టేసి, పక్కన చిన్న అంకె. సగానికి సగం తగ్గింపట! ఆ పెద్ద ధరకు ఎవరైనా ఎప్పుడైనా కొన్నారో లేదో దేవుడికే తెలియాలి.

ఒకటి నచ్చింది. గులాబి రంగు, ముందు బుట్ట, వెనక క్యారేజీ. అక్కావాళ్ల పిన్‌కోడ్ 504311 కొట్టాను. 'ఈ ప్రాంతానికి డెలివరీ లేదు' అని వచ్చింది. ఇంకోటి చూశాను. అదీ అంతే. మూడు సైట్లలో పదకొండు సైకిళ్లు మార్చి చూశాను. సెల్‌ఫోన్ కవరైతే పంపుతారట. సైకిల్ పంపరట! పెద్ద డబ్బా కదా, బరువెక్కువ, అంత దూరం తెస్తే వాళ్లకు గిట్టదేమో. కరీంనగర్ పిన్‌కోడ్ 505001 కొడితే మాత్రం చకచకా పచ్చ టిక్కు పడింది.

టవర్ సర్కిల్ చుట్టూ సైకిల్ దుకాణాలున్న నాకేమో ఇంటికి తెచ్చిస్తారు. దుకాణమే అందుబాటులో లేని పిల్లకు తేరు. దూరాన్ని చెరిపేస్తామని వచ్చిన వ్యాపారం, దూరం దగ్గరే ఆగిపోయింది. సరే, మా ఇంటికి తెప్పించి నేనే పంపిస్తా అనుకున్నాను.

బావ చెప్పిన 22.. సైటు చెప్పిన 20

సైజు ఎంత తీసుకోవాలి? బావకు ఫోన్ చేశాను. "24 పెద్దగైతది. 22 జూడు" అన్నాడు. సైట్లన్నీ గాలించాను. 12, 14, 16, 20, 24, 26, 27.5, 29.. ఇవే ఉన్నాయి. 22 లేనే లేదు! 24 పెద్దగా ఉంటుందని బావ అన్నాడు కాబట్టి 20 ఖాయం చేశాను. కింద '7 నుంచి 15 ఏళ్ల వరకు' అని కూడా రాశారు. పిల్లకు పదకొండు. భేష్ అనుకున్నాను.

నేను బోల్తా పడింది ఇక్కడే. బావ చెప్పిన అంకె వేరు, సైటు చెప్పిన అంకె వేరు. మన నాన్నల కాలం నల్ల సైకిళ్లు గుర్తున్నాయి కదా.. మద్రాసులో 1949లో మొదలైన టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో పుట్టిన అట్లాస్, 1956లో లుధియానాలో పుట్టిన హీరో.. వీటి సైకిళ్లే ఊరూరా తిరిగేవి. ఆ సైకిళ్లకు 22, 24 అని చెప్పేది ఫ్రేము కొలత. సీటు కింద ఉండే గొట్టం పొడవన్నమాట. చక్రం మాత్రం రెండింటికీ 28 అంగుళాలే. ఇప్పుడు సైట్లలో రాసేది చక్రం కొలత. అంటే బావ లెక్కలో 24 అంటే పొడుగాటి మనిషి తొక్కే సైకిల్. సైటు లెక్కలో 24 అంటే పిల్లల సైకిల్! దుకాణంలోనైతే "ఎవరికి సార్?" అని అడిగేవాళ్లు. ఫోన్ అడగదు. డబ్బులు ఎలా కడతారని మాత్రం అడుగుతుంది.

పోనీ, కొన్నవాళ్లు ఏమన్నారో చూద్దామని అభిప్రాయాలు చదివాను. 'డెలివరీ బాయ్ మంచివాడు' అని ఒకాయన అయిదు చుక్కలిచ్చాడు. 'ఇంకా బిగించలేదు, రంగు సూపర్' అని ఇంకొకరు అయిదు చుక్కలు. ఆర్నెల్లు తొక్కాక ఎలా ఉందో చెప్పినవాళ్లు ఒక్కరూ కనబడలేదు. అయినా 6,499 రూపాయలు కట్టేశాను. ఇంత పెద్ద వస్తువుకు 'వచ్చాక ఇస్తా' అంటే కుదరదట. ముందే కట్టాలి.

'85 శాతం' సైకిల్

ఎనిమిదో రోజు డబ్బా వచ్చింది. మనిషంత డబ్బా. విప్పితే ఫ్రేముకు వెనక చక్రం ఉంది. ముందు చక్రం విడిగా, హ్యాండిల్ విడిగా, పెడళ్లు, సీటు, మడ్‌గార్డులు, ఒక సంచిలో నట్లు. '85 శాతం బిగించి పంపుతాం' అని సైట్లో చిన్నక్షరాల్లో ఉన్న మాటకు అర్థం అప్పుడు తెలిసింది. మిగిలిన 15 శాతంలోనే హ్యాండిలుంది, బ్రేకులున్నాయి, పెడళ్లున్నాయి. అంటే పిల్ల ప్రాణం ఆధారపడేవన్నీ అందులోనే!

ఆదివారం పొద్దున్నే కూర్చున్నాను. పక్కింటి ఇంజినీరింగ్ కుర్రాడు తోడొచ్చాడు. ఫోన్‌లో వీడియో పెట్టుకుని ఇద్దరం మూడు గంటలు కుస్తీ పట్టాం. కుడి పెడల్ ఎక్కింది. ఎడమది ఎంత తిప్పినా ఎక్కదే! బలం పెట్టి తిప్పాం. ఏదో కరకరమంది. బ్రేకు పట్టీ చక్రానికి ఒకవైపు రాసుకుంటోంది, రెండోవైపు అందడం లేదు. మొత్తానికి చూడ్డానికి సైకిల్‌లాగే తయారైంది. సాయంత్రం నడిపించుకుంటూ టవర్ సర్కిల్ దగ్గరి సందులో ఉన్న పాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. డెబ్బై ఏళ్లు దగ్గర పడుతున్న పెద్దమనిషి. ఒకప్పుడు అక్కడే సైకిల్ టాక్సీ నడిపేవాడు. గంటకు అర్ధ రూపాయి కిరాయి. ఇప్పుడు కుర్రాళ్లంతా బండ్లెక్కారు. ఆయనకు మిగిలింది పంక్చర్ల పనే.

"కాకా, జర గాలి కొట్టి చూడు" అన్నాను.

ఆయన గాలి కొట్టలేదు. సైకిల్‌ను ఒక్కసారి పైనుంచి కిందికి చూశాడు. "సారూ, ముందరిది ఎనకకు తిప్పి పెట్టిన్రు" అన్నాడు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కును వెనక్కి తిప్పి బిగించామట. బ్రేకు ముందుండాల్సింది వెనక ఉంది. అలా తొక్కితే హ్యాండిల్ మన మాట వినదు. ఎడమ పెడల్ చూసి మళ్లీ నవ్వాడు. "ఎడమ దానికి మర ఉల్టా ఉంటది సారూ. అన్ని నట్లు తిప్పినట్టు తిప్పితే మర పోతది." నిజమే. కుడి పెడల్ గడియారం ముల్లు తిరిగినట్టు తిప్పితే బిగుస్తుంది. ఎడమది అందుకు వ్యతిరేకంగా తిప్పాలి. తొక్కుతుంటే పెడల్ దానంతటదే ఊడిపోకుండా చేసిన ఏర్పాటది. నేను ఆ మరను పాడుచేశాను.

చివరికి ఆయన అడిగిన ప్రశ్నతో నా నోరు మూతపడింది.

"ఇంతకూ ఎవరికిది?"

"మా మేనకోడలికి. ఆరో తరగతి."

"ఆరో తరగతి పిల్లకు ఇదేంది? మోకాళ్లు హ్యాండిల్‌కు తగుల్తయ్. ఎనిమిదేండ్ల పిల్లలది గిది."

ఉట్నూరు దారిలో ఎత్తుపల్లాలు గుర్తొచ్చాయి. ఇదే సైకిల్ నేను అలాగే పంపేసి ఉంటే? ఉల్టా ఫోర్కు, అందని బ్రేకు, మర పోయిన పెడల్. పల్లంలో పిల్ల! ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వెనక్కిస్తామంటే..

వాపసు పంపుదామని ఫోన్ చేశాను. 'ఏడు రోజుల్లో రీప్లేస్‌మెంట్ మాత్రమే' అన్నారు. రీప్లేస్‌మెంట్ అంటే? అదే సైకిల్, అదే సైజు మళ్లీ ఇస్తారట! "సైజు చాలదు బాబూ" అంటే, "మీరు ఎంచుకున్నదే కదా సర్" అన్నాడు. '15 ఏళ్ల వరకు' అని మీరే రాశారుగా అంటే ఓ ఫిర్యాదు నంబరిచ్చాడు. మర్నాడు చేస్తే ఇంకో అమ్మాయి. కథంతా మొదటి నుంచీ చెప్పాలి. నాలుగోసారికి తేలిందేమిటంటే.. బిగించిన సైకిల్ తీసుకోరట. బిగించకుండా సైజు తెలిసేదెట్లా? దానికి జవాబు లేదు.

చట్టం మన పక్షాన కొంత ఉంది. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల ప్రకారం వస్తువు లోపంతో వచ్చినా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా, చెప్పిన గడువు దాటి వచ్చినా అమ్మకందారు వెనక్కి తీసుకోనని అనకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. కాదంటే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. 2019 చట్టం వచ్చాక అమ్మినవాళ్లు ఎక్కడున్నా సరే, మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. అయిదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. కానీ సైజు ఎంచుకోవడంలో పొరపాటు నాది కూడా. బిగించి మర పోగొట్టింది నేనే. అందుకే కోర్టు మెట్లెక్కలేదు. కాకా బాగుచేసిన ఆ గులాబి సైకిల్ ఇప్పుడు పక్కింటి రెండో తరగతి పాప తొక్కుతోంది.

సైకిల్ కొంటే బడి దగ్గరైంది

ఒక సైకిల్ కోసం ఇంత కథా అనుకోకండి. బిహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిల్ పథకం పెట్టింది. సైకిల్ ఇవ్వలేదు, కొనుక్కోవడానికి డబ్బులిచ్చింది. మొదట్లో 2,000 రూపాయలు. దీనిపై కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2017లో అచ్చయింది. ఈడుకు తగ్గట్టు హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని, మగపిల్లలతో వాళ్లకున్న తేడా 40 శాతం తగ్గిందని తేల్చారు. ఆ పెరుగుదల ఎక్కువగా ఎక్కడో తెలుసా? హైస్కూలు దూరంగా ఉన్న ఊళ్లలో! అంటే సైకిల్ అవసరం ఎక్కువ ఉన్నది మా అక్కావాళ్ల ఊరి లాంటి చోట్లే. పచ్చ టిక్కు పడనిదీ అలాంటి పిన్‌కోడ్‌లకే.

కొనేముందు..

ఆన్‌లైన్‌లో కొనొద్దని కాదు. రకాలు ఎక్కువ, ధర పోల్చుకోవచ్చు. సైకిళ్లపై జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కాకపోతే ఈ నాలుగు చూసుకోండి.

* వయసు చూసి కాదు, కాలు కొలిచి కొనండి. పిల్లను గోడకు ఆనించి నిలబెట్టి, కాళ్ల మధ్య పైకంటా ఒక పుస్తకం పెట్టండి. నేల నుంచి పుస్తకం పై అంచు దాకా కొలవండి. సైకిల్‌కు ఇరువైపులా పాదాలు పూర్తిగా ఆనించి నిలబడితే మధ్య గొట్టానికి, శరీరానికి నడుమ అంగుళమో రెండంగుళాలో ఖాళీ ఉండాలి.

* రాసిన అంకె చక్రానిదా, ఫ్రేముదా చూడండి. రెండూ తెలియకపోతే ఆర్డర్ పెట్టకండి.

* వాపసా, రీప్లేస్‌మెంటా? డబ్బు కట్టకముందే చదవండి. డబ్బా విప్పేటప్పుడు వీడియో తీసుకోండి.

* బిగించే పని మెకానిక్‌కు వదిలేయండి. ఆ కూలి కూడా సైకిల్ ధరలో భాగమే అనుకోండి.

పైలం బిడ్డా!

చివరికి అక్కనూ పిల్లనూ కరీంనగర్ రమ్మన్నాను. కాకాను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లాం. ఆయన పిల్లను మూడు సైకిళ్లు ఎక్కించి దించాడు. నాలుగోది కుదిరింది. చక్రం 24. బావ వద్దన్న అంకె! ఆన్‌లైన్ కంటే ఏడు వందలు ఎక్కువైంది. బ్రేకులు కాకా తన చేత్తో బిగించాడు. వీధి చివరిదాకా తొక్కించి, వెనక్కి రప్పించి, మళ్లీ బిగించాడు. ఆర్టీసీ కార్గోలో వేశాం. జగిత్యాల, ధర్మపురి మీదుగా గోదావరి దాటి, లక్సెట్టిపేట, జన్నారం అడవి దారిన ఉట్నూరు చేరింది.

నేనిచ్చిన పది రోజుల మాట నెల పదిహేను రోజులైంది. ఆ వానల్లో పిల్ల పన్నెండు రోజులు బడికి పోలేదని అక్క తర్వాత చెప్పింది. ఇప్పుడు పోతోంది. వెనక క్యారేజీ మీద పక్కింటి పిల్లను కూడా ఎక్కించుకుని మరీ!

బయల్దేరే ముందు కాకా పిల్ల తల మీద చెయ్యి వేసి అన్న మాట ఏ సైట్లోనూ దొరకలేదు నాకు.

"పల్లంల రెండు బ్రేకులు కలిపి పట్టు. పైలం బిడ్డా!"