తీర్పు ఎవరికి? – హెబ్రీ లేఖనములు, మూసీ వరద

దేవుని తీర్పు అనగానే ఆకాశమునుండి కురిసిన అగ్నియో, లోకమును ముంచిన జలప్రళయమో మనకు జ్ఞప్తికి వచ్చును. క్రైస్తవులు పాతనిబంధన యని పిలుచు హెబ్రీ లేఖనములలో అట్టి ఘట్టములు కలవు. కాని ఆ గ్రంథములను శ్రద్ధగా చదివినచో తీర్పునకు ముందు హెచ్చరికయు, ఆ హెచ్చరికను పెడచెవిని బెట్టిన మానవుని మూఢత్వమును కనబడును. మన జంటనగరములు ఎఱిగిన యొక విపత్తును దృష్టియందుంచుకొని ఈ విషయమును కొంత వివరింపదలచితిమి.

మూఢుని తెలుపుటకు హెబ్రీ భాషలో పలు పదములు కలవు. వానిలో 'నాబాల్' ఒకటి. సమూయేలు మొదటి గ్రంథములో ఈ పేరుగల ధనికుడొకడు కలడు. వానికి మూడువేల గొఱ్ఱెలు, వేయి మేకలు ఉండెను. అరణ్యములో తన కాపరులకు రక్షణగా నిలిచిన దావీదు మనుష్యులు ఆహారము కోరగా వాడు కసరి పంపెను. వ్యవహారజ్ఞానము లేనివాడైనచో అంత సంపదను నిలుపుకొనజాలడు. చేసిన మేలు మఱచి, ఎదుటివాని ఆకలిని లక్ష్యపెట్టకుండుటయే వాని మూఢత్వము.

ఆ దావీదే రాజైన పిమ్మట ఊరియా యను సైనికుని భార్యను చేపట్టి, అతనిని యుద్ధములో ముందు నిలిపించి చంపించెను. అప్పుడు నాతాను ప్రవక్త వచ్చి రాజునకు ఒక కథ చెప్పెను: అనేక మందలు గల ధనవంతుడొకడు, ఒక్క గొఱ్ఱెపిల్లను బిడ్డవలె పెంచుకొన్న బీదవానినుండి దానిని లాగుకొని అతిథికి వండి పెట్టెను. దావీదు మండిపడి అట్టివాడు మరణమునకు పాత్రుడని తీర్పు చెప్పెను. ఆ ధనవంతుడు రాజే యని ప్రవక్త తెలిపెను. ఖుర్‌ఆనులోను దావూద్ ప్రవక్త ఎదుటికి గొఱ్ఱెల తగవు వచ్చిన వృత్తాంతము వేఱొక రూపమున గలదని మన ఉర్దూ విభాగపు మిత్రులు ఎఱుగుదురు.

క్రీస్తుకు పూర్వము ఎనిమిదవ శతాబ్దమునందు ఆమోసు అను గొఱ్ఱెలకాపరి ఈ మార్గమునే అనుసరించెను. దమస్కు, గాజా, తూరు మొదలగు ఇరుగుపొరుగువారి నేరములను వరుసగా చెప్పి, తుదకు చెప్పుల జోడుకొఱకు బీదవానిని అమ్ముచున్న ఇశ్రాయేలుమీదికే ఆ వేలును త్రిప్పెను. తీర్పు ఇతరులకే యని తలంచువాడు తన తీర్పును తానే వ్రాసికొనుచున్నాడని ఈ రెండు కథల భావము.

హెచ్చరిక విన్న ఇద్దరు రాజులను గూర్చియు లేఖనములు చెప్పుచున్నవి. యిర్మీయా పలుకగా బారూకు వ్రాసిన గ్రంథపుచుట్టను యూదా రాజైన యెహోయాకీము ఎదుట చదివిరి. అది చలికాలము. రాజు ముందు కుంపటి మండుచుండెను. చదివిన భాగమును చదివినట్లే కత్తితో కోసి రాజు నిప్పులో వేసెను. కాగితము కాలెను గాని కీడు తొలగలేదు. కొన్నియేండ్లకే యెరూషలేము బబులోనువారి పాలయ్యెను. నీనెవె రాజో, యోనా మాట చెవినబడగానే సింహాసనము దిగి బూడిదలో కూర్చుండెను. ఆ నగరమునకు తీర్పు తప్పినది. హెచ్చరికయొక్క ఉద్దేశము నాశనము కాదని దీనివలన తెలియుచున్నది.

ఇక మన నగరమునకు వత్తము. సికింద్రాబాదునకును హైదరాబాదునకును నడుమనున్న హుస్సేన్‌సాగరు మిగులునీరు మూసీలో కలియును. 1908 సెప్టెంబరు 28న ఆ మూసీ పొంగి వేలాదిమందిని పొట్టనబెట్టుకొనెను. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టుపై కెక్కి సుమారు 150 మంది బ్రతికిరి. రుబాయీలకు ప్రసిద్ధుడైన అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ వరదలో కోల్పోయెను. ఆయన ఆ దుఃఖమును గూర్చి వ్రాసిన కవితకు 'ఖయామతె సుగ్రా', అనగా చిన్న ప్రళయమని పేరు. ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ నదియొద్దకు వచ్చి హారతి యిచ్చి శాంతింపజేసెనని నగరములో నేటికిని చెప్పుకొందురు.

అది దేవుని కోపమే యందుమా? అట్లయినచో అమ్జద్ బిడ్డ చేసిన పాపమేమి? ఇట్టి ప్రశ్నకు యోబు గ్రంథము గట్టి సమాధానమిచ్చుచున్నది. బాధపడువాడు పాపియై యుండవలెనని వాదించిన యోబు స్నేహితులనే దేవుడు తుదకు మందలించెను. కావున మునిగినవారిమీద తీర్పు చెప్పు అధికారము ఒడ్డుననున్నవారికి లేదు. ఒడ్డుననున్నవారు అడుగదగిన ప్రశ్న వేఱు: మేము ఏ హెచ్చరికను వినలేదు?

1909లో నిజాము ప్రభుత్వము పిలుపుపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఆ ప్రశ్ననే ఇంజనీరు రీతిని అడిగెను. ఎగువన వందలాది చెరువులుండగా, వానిలో రెండువందలకు పైగా తెగి వరదను పెంచెనని లెక్క తేల్చెను. ఎగువన జలాశయములు కట్టవలెనని సూచించెను. ఆ మాట విన్నందున 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు సిద్ధమైనవి. ఇది మన నగరము నీనెవెవలె విన్న సందర్భము.

తరువాతి కాలమున చెరువు శిఖములలో ఇండ్లు లేచినవి, నాలాలు ఇఱుకైనవి. 2000 ఆగస్టులోను 2020 అక్టోబరులోను నీరు తన పాతదారిని వెదకుకొనుచు వీథులలోనికి వచ్చెను. శిఖము భూమిని అమ్మినవాడు మిట్టమీద క్షేమముగా నుండగా, తెలియక కొన్న బీదవాని యిల్లు మునిగినది. ఆమోసు నేడున్నచో ఎవరివైపు వేలు చూపునో చెప్పనక్కఱలేదు.

మన కళాశాలనుండి రేపు ఇంజనీర్లు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు, పాలకులు బయలుదేరుదురు. వారి బల్లమీదికి ఏదో యొకనాడు హెచ్చరికతో నిండిన యొక కాగితము వచ్చును. కుంపటి కూడ ప్రక్కనే యుండును. ఆనాడు యెహోయాకీమును తలంచుకొని ఆ కాగితమును తుదివఱకు చదువుదురని మా ఆకాంక్ష.