శరణాగత శిశువుల మేర

కళ్ళమునందు రాశి కొలుచునాడు, ధాన్యము గాదెకు చేరకమునుపే వడ్రంగికిని కమ్మరికిని కుమ్మరికిని మేర తీయుట మన పెద్దల ఆచారము. అది భిక్షము కాదు. దయ పుట్టిననాడు ఇచ్చి, పుట్టనినాడు మానునదియు కాదు. పంటలో వారికిని భాగము కలదను న్యాయమే దానికి మూలము. తల్లిదండ్రులను, పుట్టినగడ్డను కోల్పోయిన శిశువులను సాకు ఆశ్రమముల విషయమున మనవారు ఈ న్యాయమును మఱచి, అప్పటికప్పుడు తోచిన దానముతో తృప్తి చెందుచున్నారు. ఇందులకు మేము చింతించుచున్నాము.

మా అభిప్రాయమునకు ధర్మశాలయందలి టిబెట్టు బాలల ఆశ్రమము నిదర్శనము. 1959 మార్చిలో దలైలామా స్వదేశము విడిచి మన దేశమున శరణు జొచ్చిరి. వారి వెంబడి వేలకొలది జనులు హిమాలయములు దాటి వచ్చిరి. చేత కాసు లేని ఆ జనులలో పెక్కండ్రు కొండ ప్రాంతములయందు రోడ్లు వేయు పనికి కుదిరిరి. తల్లిదండ్రులు రాళ్ళు కొట్టుచుండ, పసివారు శిబిరములయందు ఆకలికిని రోగములకును పాలగుచుండిరి. 1960 మే 17వ తేదీన జమ్మూ ప్రాంతపు రోడ్డు శిబిరములనుండి 51 మంది పిల్లలు చిక్కి శల్యమై, వ్యాధిగ్రస్తులై ధర్మశాల చేరిరి. దలైలామా గారి అక్కగారగు త్సెరింగ్ డోల్మా వారి పోషణభారమును తామై పైనిడుకొనిరి. 1964లో ఆమె పరమపదింపగా చెల్లెలగు జెత్సున్ పెమా ఆ భారమును స్వీకరించి, 2006 వరకును వహించిరి.

మొదట ఆ శిశుగృహము తలపెట్టిన కార్యము స్వల్పము. పిల్లలకు కూడు, గుడ్డ, మందు సమకూర్చి, ఎనిమిదేండ్లు రాగానే భారత ప్రభుత్వము నెలకొల్పిన వసతి పాఠశాలలకు పంపవలెననియే ఏర్పాటు. కొంతకాలమునకు ఆ పాఠశాలలు నిండిపోయినవి. వచ్చు పిల్లల రాక మాత్రము ఆగలేదు. అప్పుడు నిర్వాహకులు శిశుగృహమును చిన్న గ్రామముగా మార్చిరి. పిల్లలను ఇండ్లవారీగా విభజించి, ఇంటికొక పెంపుడు తల్లిని నియమించి, పిన్నలను పెద్దలను తోబుట్టువులవలె ఒక్కచోట పెంచి, చెంతనే బడి కట్టించిరి. 1972లో ఆ సంస్థ ‘టిబెటన్ చిల్డ్రన్స్ విలేజ్’ అను పేర రిజిస్టరు అయినది. పిదప లడఖ్‌నందును, మనకు పొరుగున కర్ణాటకమునందలి బైలకుప్పెయందును శాఖలు వెలసినవి.

ఈ సంస్థను నిలిపిన ఏర్పాటులలో ఒకటి మన పాఠకులు గమనింపదగినది. ఒక పోషకుడు ఒక బిడ్డ వ్యయమును వహించును. బిడ్డకును పోషకునకును ఉత్తరప్రత్యుత్తరములు నడచును. వచ్చు ఏడు ఎంత ధనము చేరునో ఎఱిగిన నిర్వాహకుడే ఉపాధ్యాయుని నిలుపుకొనగలడు, పెంపుడు తల్లిని నిలుపుకొనగలడు. ఏటికొక తల్లి మాఱుచుండినచో ఆ బిడ్డ మఱల మఱల అనాథ యగుచుండుటయే గదా!

మన దేశమునకు ఈ ధర్మము క్రొత్తది కాదు. 1942లో సోవియట్ భూములనుండి వచ్చిన పోలండు బాలలకు నవానగరు జాంసాహేబు దిగ్విజయసింహజీ బాలాచడియందు నీడ కల్పించిరి. వార్సా నగరమున ‘మంచి మహారాజు’ పేర ఒక స్థలము నేటికిని వెలయుచున్నది. శరణార్థులను గూర్చిన 1951 నాటి అంతర్జాతీయ ఒడంబడికపై భారతదేశము సంతకము చేయలేదు. శాసనము బలవంతపెట్టని చోటనే ప్రజల ధర్మబుద్ధికి పరీక్ష.

“మన ఊరి అనాథలుండగా దూరపువారి బాధ మనకేల?” అని కొందఱు ప్రశ్నింపవచ్చును. ధర్మశాలకు ద్రవ్యము పంపువారు పంపుదురుగాక! మేము ముఖ్యముగా కోరునది ఆ పద్ధతిని మన ఊళ్ళకు తెచ్చుకొనుటయే. మన పట్టణములలో నేడు జరుగుచున్నదేమి? పుట్టినరోజునాడు ఒక పూట విందు, పండుగనాడు మిఠాయిపొట్లము, పిమ్మట పిల్లలను వరుసగా నిలువబెట్టి ఫొటో! ఆ మఱునాడు వైద్యుని ఫీజునకు, బడి పుస్తకములకు, వంటమనిషి జీతమునకు దిక్కులేదు. ఆదరణ కోరు బాలల పేర్లను, చిత్రములను పత్రికలయందు వెల్లడించుటను 2015 నాటి బాలన్యాయ చట్టము 74వ సెక్షను నిషేధించుచున్నది. చట్టమటుండనిండు, పెట్టిన ముద్దకు బిడ్డ ముఖమును మూల్యముగా గొనుట పెద్దమనుష్యులకు తగునా?

దానమిచ్చువారు విచారణయు చేయవలయును. ఆశ్రమము ఆ చట్టము ననుసరించి రిజిస్టరైనదా? లెక్కలు చూపునా? బిడ్డలు బడికి పోవుచున్నారా? ఆశ్రమమున నున్నవారందఱును తలిదండ్రులిద్దఱును లేనివారు కారు; పేదరికముచే తల్లి విడిచిపోయిన బిడ్డలును కలరు. అట్టి తల్లికి జీవనము కల్పించి బిడ్డను ఇంటికి చేర్చుట ఉత్తమము. ఆశ్రమవాసము కడపటి మార్గమనియే శాసనమును చెప్పుచున్నది. పదునెనిమిదేండ్లు నిండి వెలుపలికి వచ్చు యువకునకు పని చూపుటయు ఈ ధర్మములోని భాగమే.

భూస్వాములు పంటపంటకును ఇన్ని బస్తాలని, ఉద్యోగులు నెలనెలకును ఇంత పైకమని, వైద్యులు వారమున కొక గంటయని ముందుగా నిర్ణయించి వ్రాసియిండు. అల్పమైనను తప్పక అందునదే ఆశ్రమమునకు బలము. గాదెకు ధాన్యము చేరకమునుపే ఆ శిశువుల మేర తీసియుంచుడని మా పాఠకులకు విన్నవించుచున్నాము.