పార్శ్వపు నొప్పి: చాళ్ళ జీవనమున దాని ఉపశమనము

తలనొప్పిని వ్యాధిగా గాక, పని తప్పించుకొను సాకుగా భావించు అలవాటు మన కుటుంబములలో నేటికిని పూర్తిగా తొలగలేదు. అందువలన బాధపడువారు, ముఖ్యముగా స్త్రీలు, నోరు మెదపక దుకాణమున బిళ్ళలు కొని మ్రింగుచు కాలము గడుపుచుందురు. పార్శ్వపు నొప్పి విషయమున ఇది రెండు విధముల హానికరము. సరియైన చికిత్స జరుగదు. పైగా ఆ బిళ్ళలే నొప్పిని పెంచవచ్చును.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున చెప్పబడిన 11 శిరోరోగములలో అర్ధావభేదకము ఒకటి. గ్రీకు వైద్యులు దీనిని హెమిక్రేనియా యనిరి. ఆ మాటకును సగము తల యనియే అర్థము. మైగ్రేన్ అను శబ్దము దానినుండియే పుట్టినది.

తరచుగా తలకు ఒక ప్రక్క నాడి కొట్టుకొన్నట్లు పోటు వచ్చును. మెట్లెక్కినచో అధికమగును. వికారము, వాంతి కలుగును. వెలుతురును చప్పుడును సహింపరావు. చికిత్స లేనిచో 4 గంటలు మొదలు 72 గంటల వరకు నిలుచును. ముఖమునకును మెదడు పొరలకును సంబంధించిన ట్రైజెమినల్ నాడి ఉద్రేకించి, సి.జి.ఆర్.పి. అను పదార్థమును విడుదల చేయుట దీనికి ముఖ్యకారణములలో ఒకటి. ఈ నొప్పి పుట్టువిధమును వెల్లడించిన ఎడ్విన్‌సన్, గోడ్స్‌బీ, మోస్కోవిట్జ్, ఒలేసన్ అను నలుగురు శాస్త్రజ్ఞులకు 2021లో బ్రెయిన్ ప్రైజ్ లభించినది. కావున ఇది కల్పితమైన బాధ కాదని స్పష్టము. స్త్రీలలో ఇది పురుషులకంటె రెండు మూడు రెట్లు అధికము.

నైజాము రాజ్యమునుండి వలసవచ్చి బొంబాయి నిర్మాణమున చెమటోడ్చిన కామాఠీల పేర కామాఠిపురా వెలసినది. అచటి చాళ్ళలోను, నేడు పఠ్ఠే బాపూరావు మార్గమనబడు ఫాక్‌లాండ్ రోడ్డు పరిసరములలోను ఒకే గదిలో కాపురము చేయు కుటుంబములు కలవు. కుళాయి నీటికై వేకువనే లేచుట, ఉపవాసము, వేళతప్పిన భోజనము, రాత్రి పని, ఉక్క, వీధి రొద నొప్పిని రేపగలవు. పండుగనాడైనను బొత్తిగా పస్తుండక, నీరు త్రాగుచు, నిద్రవేళను కాపాడుకొనుట మేలు.

నొప్పి వచ్చినపుడు నిశ్శబ్దమైన చీకటి గదిలో పరుండవలెనని వైద్యులు చెప్పుదురు. ఒంటిగది కాపురమున అట్టి గది యెక్కడిది? కన్నులపై తడిగుడ్డ వేసికొని, చెవులలో దూది పెట్టుకొని, గోడవైపు తిరిగి పరుండవచ్చును. ఇంటివారు టెలివిజన్ కట్టివేసి, పిల్లలను వరండాలోనికి పంపినచో చాలును. శొంఠి పట్టు కొందరికి ఊరట నిచ్చును గాని మందునకు బదులు కాజాలదు.

పారాసెటమాల్, ఇబుప్రొఫెన్ వంటి మందులు నొప్పి మొదలైన వెంటనే తగిన మోతాదున బాగుగా పనిచేయును. కడుపు పుండు, మూత్రపిండవ్యాధి గలవారును, గర్భిణులును ఇబుప్రొఫెన్‌ను వైద్యుని అడుగక వాడరాదు. సాధారణపు బిళ్ళలను నెలకు 15 దినములు, పలు మందులు కలిసిన బిళ్ళలను 10 దినములు, మూడు నెలలకు మించి వాడినచో ఆ వాడుక వలననే నిత్యశిరోవేదన ఏర్పడవచ్చును. బిళ్ళ పని తీరగానే నొప్పి తిరుగును. మరల బిళ్ళ కావలసివచ్చును. ఈ చక్రమును వైద్యుని సలహాతో ఆపవలెను.

ఇందులకు ఒక చిన్న పుస్తకము ఉపకరించును. నొప్పి వచ్చిన తేదీ, ఎన్ని గంటలున్నది, ముందురోజు నిద్రాహారములు, ఋతుదినములు, వేసికొన్న బిళ్ళలు అందు వ్రాయవలెను. చదువురాని తల్లికి బడికిపోవు బిడ్డ వ్రాసిపెట్టవచ్చును. నెలకు నాలుగు దినములకు మించి నొప్పి వచ్చువారు ఆ పుస్తకముతో సమీపమున గల నాయర్ ఆసుపత్రికో, జె.జె. ఆసుపత్రికో వెళ్ళుట మంచిది. ప్రొప్రనలాల్ మొదలైన నివారక ఔషధములు కలవు. కాని ప్రొప్రనలాల్ ఉబ్బసము గలవారికి తగదు. కావున స్వయముగా కొనరాదు.

అకస్మాత్తుగా పిడుగుపాటువలె వచ్చిన నొప్పి, జ్వరముతో మెడ బిగియుట, కాలు చేయి పడిపోవుట, మాట తడబడుట, తలకు దెబ్బ తగిలిన పిదప నొప్పి, 50 ఏండ్లు దాటినపిమ్మట క్రొత్తగా వచ్చిన నొప్పి: వీనిని పార్శ్వపు నొప్పి యని ఉపేక్షింపక తత్క్షణమే ఆసుపత్రికి చేర్చవలెను.

ఈ వ్యాధి సమూలముగా పోకపోవచ్చును. అదుపులో నుంచుట మాత్రము సాధ్యమే. బాధను చెప్పుకొనినవారి మాట ఇంటివారు నమ్ముటయే చికిత్సకు మొదటి మెట్టు.