పిల్లల తలనొప్పి... అన్నీ వేషాలు కావు!

అర్ధరాత్రి మీ అబ్బాయి ఉలిక్కిపడి లేచి, ఒక కన్ను అరచేత్తో నొక్కుకుంటూ ఇల్లంతా తిరుగుతున్నాడా? ఆ కన్ను ఎర్రబడి నీళ్లు కారుతోందా? గంటలో తగ్గి, మర్నాడు మళ్లీ అదే వేళకు మొదలవుతోందా? "పరీక్షలొస్తున్నాయిగా, వేషాలు!" అని కోప్పడకండి. అది క్లస్టర్ తలనొప్పి కావచ్చు.

క్లస్టర్ అంటే గుత్తి. ఈ నొప్పి కొన్ని వారాలపాటు వరసగా వచ్చి, తర్వాత నెలల తరబడి కనిపించదు. ఎక్కువమందికి ఇరవై ఏళ్లు దాటాకే మొదలవుతుంది, పిల్లల్లో అరుదు. అందుకే సైనస్ అనో, పంటినొప్పి అనో పొరబడుతుంటారు.

ఎలా గుర్తుపట్టాలి?

మైగ్రేన్ వస్తే పిల్లలు చీకటి గదిలో కదలకుండా పడుకుంటారు. ఇందులో కుదురుగా ఉండలేరు. నొప్పి ఒకవైపే, కంటి చుట్టూ, కణత దగ్గర, 15 నిమిషాల నుంచి 3 గంటల దాకా ఉంటుంది. అదే వైపు ముక్కు దిబ్బడ వేస్తుంది, రెప్ప వాలుతుంది.

ఇది రక్తపరీక్షలో తేలే జబ్బు కాదు. మీరు చెప్పే వివరాలే ముఖ్యం. పాల లెక్క రాసే క్యాలెండర్‌లోనే ఏ వేళకు, ఏ వైపు, ఎంతసేపు వచ్చిందో రాయండి. డాక్టరు ఎమ్మారై తీయించమంటే కంగారుపడకండి, వేరే కారణం లేదని చూసుకోవడానికే.

మల్కాపురం తల్లులూ! ఈఎస్ఐ కార్డుంటే ఇక్కడి ఈఎస్ఐ ఆసుపత్రిలో, లేకుంటే దగ్గర్లోని పిల్లల డాక్టరుకు ముందు చూపించండి. అవసరమైతే కేజీహెచ్ న్యూరాలజీ విభాగానికి వెళ్లొచ్చు.

మందేమిటి?

2021లో కరోనా వేళ మన ఉక్కు ఫ్యాక్టరీ నుంచి రైల్లో మహారాష్ట్రకు వెళ్లిన ఆక్సిజన్ గుర్తుందా? దీనికీ అదే మందు. నొప్పి మొదలవగానే మాస్కుతో 15 నిమిషాలు పట్టిస్తే చాలామందికి తగ్గుతుంది. సుమాట్రిప్టాన్ ఇంజెక్షను, మళ్లీ రాకుండా వెరాపమిల్ మాత్రలూ ఉన్నాయి. వెరాపమిల్‌కు ఈసీజీ తీయించాలి. పిల్లలకు మోతాదు నిపుణులే నిర్ణయించాలి. మందుల షాపులో అడిగి వేయకండి, ఆస్పిరిన్ అసలొద్దు. శొంఠి పట్టు, అమృతాంజనం దీన్ని ఆపలేవు. కంటి దగ్గర రాస్తే మంట అదనం!

జ్వరంతో మెడ పట్టేసినా, ఫిట్స్ వచ్చినా, చూపు మసకబారినా, తెల్లవారుజామున వాంతులవుతున్నా, తలకు దెబ్బ తగిలాక నొప్పి వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. 108కి ఫోన్ చేయండి.

అన్నిటికన్నా ముందు, "నీ నొప్పి నిజమేరా నాన్నా" అనండి. సగం ధైర్యం అక్కడే వస్తుంది.