కాలపరిమితి

అన్యాయంగా ఉద్యోగంలోంచి తీసేశారని కేసు వేయడానికి చట్టం ఇచ్చే గడువే కాలపరిమితి. ఐటీ ఉద్యోగికీ ఇది వర్తించొచ్చు: చెన్నైలో ఐటీ సంస్థ టీసీఎస్ 2015లో తొలగించిన ఒక ఉద్యోగిని, చేసే పనిని బట్టి అతను కార్మికుడేనంటూ, మళ్లీ చేర్చుకోవాలని లేబర్ కోర్టు 2022లో ఆదేశించింది. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద గడువు మూడేళ్లు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని రెండేళ్లకు కుదించింది. కార్మికుడికి ఇది నష్టమే. ముందు కార్మిక శాఖ రాజీ అధికారికి దరఖాస్తు పెట్టాలి. 45 రోజుల్లో తేలకపోతే నేరుగా పారిశ్రామిక ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు. రెండేళ్ల లెక్క మాత్రం తొలగించిన రోజు నుంచే. హెచ్‌ఆర్ వాళ్లు ‘చూద్దాం’ అంటూ తిప్పినన్నాళ్లూ గడువు కరుగుతూనే ఉంటుంది. తొలగింపు ఉత్తర్వు, జీతం స్లిప్పులు, దరఖాస్తు రసీదు భద్రపరచుకోండి, వెంటనే కదలండి.