కలానికి గొంతు తోడైతే

దివ్యఖుర్ఆన్ తొలి అవతరణలోనే పఠనం, కలం ప్రస్తావనకు వచ్చాయి. నేడు ఆ కలం కంప్యూటర్ రూపంలోనూ పిల్లల చేతికి అందుతోంది.

ఉచితంగా లభించే లిబ్రే ఆఫీస్ రైటర్‌లో అక్షరాలతోపాటు బొమ్మలను, ధ్వనిని ఒకే పుటలో పొందుపరచవచ్చు. ఎడమ నుండి సాగే తెలుగు, కుడి నుండి సాగే ఉర్దూ రెండూ అందులో ఇముడుతాయి. ఇంట ఉర్దూ మాట్లాడి, బడిలో తెలుగు చదివే బిడ్డలకు ఇది మేలైన సాధనం. నానీ చెప్పిన కథను ఫోనులో రికార్డు చేసి, తరగతిలో వింటూ తెలుగులో రాయవచ్చు. ఆ స్వరాన్నీ పక్కనే చేర్చవచ్చు. అలా ఇంటి భాషే బడి భాషకు మెట్టు అవుతుంది.

అయితే బొమ్మల ఎంపికలో, రంగుల మార్పులో పీరియడ్ గడిచిపోతే రాత మిగలదు. కనుక ఉపాధ్యాయులు ముందుగా వాక్యాలు రాయించాలి. వాటిని బిడ్డచేతనే బిగ్గరగా చదివించి రికార్డు చేయాలి. తన గొంతులో విన్నప్పుడు తప్పిన విభక్తి, తెగిన వాక్యం చాలావరకు తనకే తెలుస్తాయి. సరిదిద్దిన తర్వాతే బొమ్మలు చేర్చాలి. ఒక్క కంప్యూటరే ఉన్న బడిలో నలుగురైదుగురు కలిసి ఒక పుట సిద్ధం చేయవచ్చు.

ఆ పఠనాన్ని తల్లిదండ్రుల ఫోనుకు పంపితే, తెలుగు చదవడం రాని నానీ కూడా మనవరాలి రాతను వినగలదు. పిల్లలు అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. పనులు కాసేపు పక్కనపెట్టి వారి రాతను వినడమూ ఆ బాధ్యతలో భాగమే.